రెండో తేళ్ల దొర

మా కొడుకు ఫిలేమోను పెళ్లి కుదిరింది, దేవునికి స్తోత్రం!

సంబంధం అడుగుదామని నారాయణఖేడ్‌లో పిల్ల తండ్రి ఎలీషా ఇంటికి పోతే, టీవీలో తేళ్ల దొర సినిమా నడుస్తోంది. కామిక్ పుస్తకాల్లోని ఆ విలన్ వేషం సినిమాల్లో ఇప్పటికి ముగ్గురు నటులు వేశారు.

"మొదటోడే మొనగాడు. ఏమంటవన్నా?" అన్నాడు ఎలీషా.

సంబంధం చెడుతుందని తెలిసినా నా నోట అబద్ధం రాలేదు. "వాడు ఉత్తగ ఒర్లుతడు, అన్నీ అరుపులే. మూడోడు చంపుకుంటనే ఏడుస్తడు, గాడే అసలోడు!"

"గట్లయితే నడువ్!" అని తలుపు తీశాడు. నేను చెప్పులు తొడుక్కున్నాను.

"మరి రెండోడు?" అని వెనక నుంచి అడిగాడు.

"థూ!" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

"రా వియ్యంకా!" అని కౌగిలించుకున్నాడు. తారీఖు ఖాయం.

ఇక అందరికీ చెప్పాలి: కల్హేర్ అక్కకు, మనూర్ చిన్నాయనకు, సిర్గాపూర్ బావమరిదికి, పెళ్లిపిల్లకు, అన్నట్టు, మా ఫిలేమోనుకు!