న్యాయాధికారి గొంతు

డెబ్బై ఒకటో సంవత్సరం మార్చి రెండో ఆదివారం, మధ్యాహ్నం మూడింటికి న్యాయాధికారి ఓస్వాల్డ్ చనిపోయాడు. పాచిక మీద ఒకటి పడింది, వంతెన కూలింది. హార్లన్ క్విస్ట్ ఇంటి కింది గదిలో బల్ల చుట్టూ ఉన్న ఆరుగురు మగవాళ్లూ ఆ పాచిక వైపే వంగి చూశారు. శాండ్‌విచ్‌ల పళ్లెంతో మెట్లు దిగుతున్న వెర్నా తన భర్త ఎల్రాయ్ ముఖం చూసి అక్కడే ఆగిపోయింది.

నిరుటి దాకా వాళ్లు ఆ బల్ల మీద సీసపు సైనికుల బొమ్మల్ని నిలబెట్టి పాత యుద్ధాలు ఆడేవారు. మనిషికో సైన్యం. ఈ చలికాలం హార్లన్ కొత్త పద్ధతి తెచ్చాడు. ఇప్పుడు ఆడేవాడికి సైన్యం ఉండదు, ఒకే ఒక్క మనిషి ఉంటాడు. ఆ మనిషై మాట్లాడాలి. మిగతా లోకమంతా హార్లనే. "ఏం చేస్తావు?" అని అడుగుతాడు. వాళ్లు చెప్పింది విని, పాచిక వేయించి, ఏం జరిగిందో చెబుతాడు. అతను చెప్పిందే జరిగినట్టు.

ఎల్రాయ్‌కి ముట్టడిలో ఉన్న ఒక కోట పట్నపు న్యాయాధికారి ఓస్వాల్డ్ పాత్ర వచ్చింది. ఎల్రాయ్‌ది పుట్టు నత్తి. వెన్న ఫ్యాక్టరీలో ఎవరితోనూ మాట్లాడనక్కర్లేని పని చూసుకుని చేరాడు. అలాంటివాడు ఓస్వాల్డ్‌గా తీర్పు చెబుతుంటే ఒక్క అక్షరం తడబడేది కాదు. నవంబరు నుంచీ వెర్నా ప్రతి ఆదివారం ఆ మెట్ల మీద కూర్చుని విన్నది ఆ గొంతునే. పన్నెండేళ్ల కాపురంలో అది ఆమెకు ఇంట్లో వినపడలేదు.

ఓస్వాల్డ్ చనిపోయిన ఆ రోజు, ఇంటికి తిరుగుదారిలో ఎల్రాయ్ ఏదో చెప్పబోయాడు. "వ... వ..."

"వంతెన సంగతేగా? పోనీలే. వచ్చే వారం ఇంకో మనిషిని తీసుకుందువుగాని," అంది వెర్నా.

అతను గడ్డకట్టిన సరస్సు వైపు తల తిప్పుకున్నాడు.

తర్వాతి వారం హార్లన్ అతనికి గుర్రాల వ్యాపారిని ఇచ్చాడు. ఎల్రాయ్ నోట ఆ వ్యాపారికీ నత్తే వచ్చింది. ఈయన బేరం ముగిసేలోపు గుర్రం ముసలిదైపోతుందన్నాడు ఆటగాళ్లలో ఒకడైన డ్యూయీ. అందరూ నవ్వారు. ఆ తర్వాతి ఆదివారం ఎల్రాయ్ వెళ్లలేదు. ఇంట్లో కూడా తల ఊపడమే తప్ప నోరు విప్పడం మానేశాడు.

వెర్నా ఆపిల్ పై అనే తీపి వంటకం చేసి పట్టుకుని హార్లన్ ఇంటికి వెళ్లింది. వంతెన కింద నీళ్లు లోతు లేవనమంది. ఓస్వాల్డ్ ఒడ్డుకు కొట్టుకొచ్చాడనమంది. హార్లన్ అలా అంటే చాలు, అలాగే జరిగినట్టు కదా అంది.

హార్లన్ కాఫీ కప్పులోంచి కళ్లెత్తలేదు. ఇవాళ ఓస్వాల్డ్‌ని లేపితే రేపు డ్యూయీ తన సేనాపతిని లేపమంటాడన్నాడు. "చావు లేకపోతే అక్కడ బతుక్కి విలువేముంది, వెర్నా?"

"అది ఆట, హార్లన్."

"మరి మీరెందుకొచ్చారు?"

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. చివరికి ఆ ఆట ఎలా ఆడించాలో తనకే నేర్పమంది.

"నేర్పడానికేం లేదు. అడగాలి, వినాలి. ఎంతసేపైనా మధ్యలో మాట అందుకోకూడదు," అన్నాడు హార్లన్.

శనివారం పొద్దున కాఫీ పోసి, వెర్నా గుడ్ల పళ్లేలు పక్కకు జరిపి భర్తకు ఎదురుగా కూర్చుంది. నీళ్లు లోతు లేవని, ఓస్వాల్డ్ ఒడ్డుకు చేరాడని, ఇప్పుడు తన ఇంట్లో పడుకుని ఉన్నాడని, తెల్లవారుతోందని చెప్పింది.

"ఏం చేస్తావు?"

ఎల్రాయ్ ఆమెను చాలాసేపు చూశాడు. వెర్నా పెదవి పళ్ల మధ్య బిగబట్టుకుని ఆగింది. మెల్లగా అతని వెన్ను నిటారైంది.

"లేస్తాను. చప్పుడు కాకుండా."

ఒక్క అక్షరం తడబడలేదు. ఆ గొంతు తన వంటింట్లో, తన కోసం. వెర్నా కళ్లు తుడుచుకుంది.

"తర్వాత?"

"రెండు చొక్కాలు మూట కట్టుకుంటాను. బూట్లు చేత్తో పట్టుకుని వీధిలోకి వస్తాను. ఉత్తర ద్వారం దాకా నడుస్తాను."

"ఒక్కడివేనా? ఓస్వాల్డ్‌కి ఇంట్లో ఎవరూ లేరా?"

"భార్య ఉంది. మంచిది. ఇన్నేళ్లూ నా మాటలన్నీ ఆవిడే మాట్లాడింది. ఇక ఆ ఇంట్లో నేను చెప్పడానికేం మిగల్లేదు."

వెర్నా కప్పు అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎల్రాయ్ రెండు చేతులూ బల్ల మీద ఆనించి, తీర్పు చెప్పేటప్పటి నెమ్మదితో అడిగాడు.

"ద్వారం దగ్గరికి వచ్చాను. తెరిచి ఉందా, మూసి ఉందా?"

అది చెప్పాల్సింది వెర్నా. ఆమె ఇంకా చెప్పలేదు.