ఎడమదిక్కు రేసు

"బండిని ఉరికించే రేసు పిడి కుడిదిక్కు ఉండేది, దాన్ని ఎడమదిక్కు పెట్టినవా? గిది బండా, తీర్థంల కొన్న బొమ్మనా?" అని మెకానిక్ జానయ్యను అడిగిన.

"నేను వద్దనే చెప్పిన ఈదమ్మవ్వా. నీ మనుమరాలు అలవాటుకొద్ది కుడిచెయ్యే తిప్పబోతది. ఒక్కటే లాభం, దొంగోడు ఎత్తుకపోతే మొదటి మలుపుకే గోడకు గుద్దుతడు" అని నవ్విండు.

నా మనుమరాలు కోమల పాల క్యాన్లు బండికి కట్టుకుంటున్నది. గడ్డి కోసే మిషన్ల కుడిచేతి వేళ్లు మూడు పోయినంక ఆ చెయ్యి రేసు తిప్పలేదు. బండి నడవకుంటే నార్కట్‌పల్లిల ఇంటింటికీ పాలు పోసుడు బందే.

"తినే చెయ్యి కాదు, మొక్కే చెయ్యి కాదు. ముడ్డి కడుక్కునే చేత్తోని గుట్ట ఎక్కుతవానే?" అన్న.

కోమల పాల క్యాన్లతోని గుట్ట మీది దాకా పోయి, ఎక్కడా ఆగకుంట తిరిగొచ్చింది.

జానయ్య నవ్వు బందయింది. "నెల పడతదనుకున్న. గింత జల్ది ఎట్ల వచ్చింది బిడ్డా?"

"నాకు పుట్టుకతోనే ఎడమచేతి వాటం. అవ్వనే మాన్పించింది."

ఏ పెండ్లిల ఎవరు ఏ చీర పెట్టిండ్రో ఇప్పటికీ చెప్తా. గీ ముచ్చట మాత్రం మర్సిన. ఎడమచేత్తోని తింటున్నదని అట్లకాడ కాల్చి వాత పెట్టింది నేనే. అప్పుడు దానికి నాలుగేండ్లు.

"ఇంటికి బండి మీద వస్తవా, నడిచొస్తవా?" అని కోమల ఎడమచెయ్యి చాపింది. మణికట్టు మీద వాత మచ్చ గట్లనే ఉన్నది.

గా చెయ్యి పట్టుకొనే ఎక్కిన.