మగమొక్కలు

"కిటికీ మూసేసి, ఆ చీకట్లో దీపం పెట్టి మొక్కలు పెంచేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను అల్లుడూ," అన్నాడు ఫుల్‌హెన్సియో గుమ్మంలో నిలబడి. "బయట ఎండకు ఎవడైనా కిరాయి అడుగుతున్నాడా?"

బోర్హా నిచ్చెన దిగలేదు. దీపం వేలాడదీయడానికి కప్పుకు కొక్కెం బిగిస్తూనే ఉన్నాడు. గోడలకు అప్పటికే వెండిరంగు కాగితం అంటించాడు. కిటికీ చట్రంలో గాలిపంకా ఇరికించాడు. గంజాయి విత్తనాలు ఎవరో స్నేహితుడు ఇచ్చినవి. సొంతానికి నాలుగు మొక్కలు ఇంట్లో పెంచుకుంటే ఎవరూ పట్టించుకోరనీ, వీధిలోకి కనపడితేనే తగువనీ మామగారికి విడమరిచి చెప్పాడు. ముసలాయన వినిపించుకోలేదు. ఆయన బాధ చట్టం గురించి కాదు. అది పోయిన భార్య గది. ఆమె బట్టల బీరువాను అల్లుడు మాటమాత్రం చెప్పకుండా నడవలోకి ఈడ్చేశాడు.

మాద్రిద్‌లో ఉద్యోగం పోయాక బోర్హాకు తలదాచుకోవడానికి సెగూరా నది ఒడ్డున ఉన్న ఈ మామగారిల్లు తప్ప వేరే చోటు లేదు. వచ్చిన రోజు నుంచీ ఇద్దరికీ పడలేదు. మధ్యలో నలిగిన బోర్హా భార్య ఎన్‌కార్నా చివరికి ఒక ఒప్పందం కుదిర్చింది. మొదటి పంట చక్కగా వస్తే గది బోర్హాది, తండ్రి ఇక నోరెత్తకూడదు. పంట చెడిందా, బోర్హా దీపంతో సహా ఇల్లు ఖాళీ చేయాలి. పక్కింటి ముసలావిడ పాత్రోసీనియో సాక్షి.

"నేను పోతే మీ అమ్మాయీ నాతోనే వస్తుంది," అన్నాడు బోర్హా.

"రానీ. బీరువా మటుకు లోపలికి పోతుంది," అన్నాడు ముసలాయన.

మొక్కలు పెరిగాయి. ఫుల్‌హెన్సియో పూటకోసారి వచ్చి ముక్కు ఎగబీల్చి ఏదో ఒక మాట అని పోయేవాడు. తన చిన్నతనంలో ఈ ఒడ్డంతా ఇదే పైరనీ, నార తీసి తాళ్ళు పేనేవారనీ, చెరువుల్లో నానేసిన కట్టల కంపుకు పెళ్ళివారు కూడా ఊళ్ళోకి రావడానికి జంకేవారనీ చెప్పేవాడు. ఆ పైరుకు గాలిపంకాలు తిప్పే వెధవ మాత్రం అప్పట్లో లేడట. బోర్హా పళ్ళు బిగించి నీళ్ళు పోసుకునేవాడు.

సరిగ్గా పూత వచ్చే వేళకు మాద్రిద్‌లో బోర్హా తల్లి పడి తుంటి విరగ్గొట్టుకుంది. మొగుడూ పెళ్ళామూ వెళ్ళక తప్పలేదు. ఇక్కడ మొక్కలు చూడడానికి ముసలాయన తప్ప ఇంకెవరూ లేరు. బోర్హా సిగ్గు చంపుకుని ఫోన్ చేశాడు.

"మామయ్యా, పూత కనపడుతోందా?"

"ఆఁ."

"మగవాటిని పీకెయ్యాలి. ఒక్కటి మిగిలినా దాని పుప్పొడి పడి మిగతావన్నీ గింజ కడతాయి, పంట దేనికీ పనికిరాదు. ఏది మగదో తెలిసేట్టు ఫొటో పంపమంటారా?"

"గంజాయిలో మగదేదో నాకు మాద్రిద్ వాడు చెప్పాలా? పాలపళ్ళు ఊడకముందే పీకాను నేను. నువ్వు మీ అమ్మను చూసుకో."

"దయచేసి మామయ్యా, మగవి ఒక్కటి కూడా ఉండకూడదు."

"ఒక్కటీ ఉండదు," అన్నాడు ఫుల్‌హెన్సియో.

తల్లి లేచి నడిచేదాకా అక్కడే ఉండిపోయారు. తిరిగొచ్చి బోర్హా తలుపు తీశాడు. బలంగా గుబురుకట్టిన మొక్క ఒక్కటీ లేదు. సన్నగా పొడుగ్గా సాగినవి రెండు మిగిలాయి. కుండీల మీదా నేల మీదా పచ్చటి పొడి రాలి ఉంది.

"ఇవే మగవి," అన్నాడు బోర్హా. "మీరు ఆడవాటిని పీకేశారు."

ముసలాయన తొణకలేదు. బక్కగా ఉండి ముందే వాడిపోయేది ఆడదనీ, గట్టిగా నిలబడి గింజ మోసేది మగదనీ చెప్పాడు. ఈ ఒడ్డున తాతల నాటి నుంచీ అదే మాటట. పీకినవి తగలబెట్టేశాడట.

"గింజ మోసేది మగదెలా అవుతుంది?" అన్నాడు బోర్హా.

సాక్షిగా వచ్చిన పాత్రోసీనియో కర్ర మీద ఒరిగి, "ఆ పేర్లు పెట్టింది మగాళ్ళు నాయనా. బరువు మోసేది ఏది కనపడినా తామే అనుకున్నారు," అంది.

బోర్హా నమ్మలేదు. వీధి చివర సారాకొట్టుకు వెళ్ళి అక్కడి ముసలివాళ్ళను అడిగాడు. అడిగిన ప్రతివాడూ అదే చెప్పాడు. ఒకడైతే ఇంత చదివి అదీ తెలియదా అని నవ్వాడు. ఇంటికొచ్చేసరికి ఎన్‌కార్నా పెట్టె సర్దుతోంది.

"నువ్వు మగవి అన్నావు. ఆయన మగవే పీకాడు," అంది తలెత్తకుండా. "ఇందులో ఎవరినని ఏమంటావు?"

నిజమే. ఒకరి మీద కోపం పెంచుకుందామన్నా అక్కడ తప్పు ఒక మాటది. ఒప్పందం మాత్రం ఒప్పందమే. బోర్హా దీపం విప్పాడు, కాగితం చించాడు, కుండీలు బోర్లించాడు. ముసలాయన కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాడు. ఆ ఒక్క సాయానికే బోర్హా మనసు కాస్త మెత్తబడింది.

"తెలియక చేశారు మామయ్యా. నాకేం కోపం లేదు," అన్నాడు దిగుతూ.

ఫుల్‌హెన్సియో నిచ్చెన మడిచి గోడకు చేర్చాడు.

సామానంతా కారుకెక్కించాక గాలిపంకా మరిచిన సంగతి బోర్హాకు గుర్తొచ్చింది. ఎన్‌కార్నాను కారులోనే కూర్చోమని ఒక్కడే వెనక్కి వచ్చాడు. వీధి తలుపు చేరవేసి ఉంది. లోపలికి అడుగు పెడుతుంటే పెరట్లోంచి, పక్కింటి గోడ వైపు తిరిగి ముసలాయన గొంతు తగ్గించి పిలవడం వినపడింది.

"పాత్రోసీనియో, ఆడమొక్కలు ఆరాయి, రా."