జావా కింద భూకంపం

"ఏటిది జగన్నాధం బాబూ, మీ భూమి రోజూ సాయంత్రం పూటే వణుకుతాదా?"

వసారాలో ఆరబెట్టిన మసి కాగితాన్ని వెలుగుకి ఎత్తి పట్టుకుని అడిగారు అప్పలనరసింహం గారు. తలుపు చాటున నిలబడ్డ కూతురు తాయారు ఇంకాస్త వెనక్కి నక్కింది.

పరీక్షలయ్యే దాకా నాట్యం మాట ఎత్తొద్దని ఆయన ఆమె గజ్జెలు బీరువాలో పెట్టి తాళం వేశారు. కాని శనివారం విజయనగరంలో కాలేజీ వార్షికోత్సవం. తాయారు నాట్యం ఉందని కాలేజీ వాళ్ళు అందరికీ చెప్పేశారు కూడా. అందుకే నాన్నగారు మృదంగం తీసుకుని గుడి సేవకి బయల్దేరగానే, ఆమె వట్టి కాళ్ళతోనే పెరటి గదిలో సాధన మొదలుపెట్టేది. గోడకి అవతల, అద్దెకున్న భూగర్భశాస్త్రం లెక్చరరు జగన్నాధం తన చేత్తో అమర్చుకున్న భూకంప యంత్రం ఉంది. ఆమె అడుగు పడ్డప్పుడల్లా దాని సూది మసి కాగితం మీద గంతులేస్తోందని నిన్ననే తాయారుకి తెలిసింది.

"నాన్నగారితో అనకండేం మాస్టారూ" అని అప్పుడే అతన్ని బతిమాలుకుంది.

జగన్నాధం తలుపు వైపు ఓరగా చూసి గొంతు సవరించుకున్నాడు. "ఇవి ఇక్కడివి కావండీ. జావా దీవి కిందవి. లోతు భూకంపాలు."

"అంత దూరానివా!"

జగన్నాధం దండెం మీది తడి పంచె తీసి, ఒక కొస పట్టుకుని నిలువునా వేలాడదీశాడు. "సముద్రం అడుగునున్న రాతిపలక పక్క పలక కిందకి ఇలా దిగిపోతుందండి. పై దేశాల పత్రికల్లో ఈమధ్యే, అరవై తొమ్మిదిలోనే రాశారు. దాని బరువే దాన్ని లాగుతుంది. అంచేత పైభాగం సాగుతుంది." పంచెను కిందకి దించాడు. కొస గచ్చుకి తగిలి ముడతలు పడింది. "అడుగున గట్టి పొర అడ్డొస్తే ఇలా నొక్కుకుపోతుంది. పలక ఒకటే. పైన లాగుడు, కింద నొక్కుడు. రెండు చోట్లా విరుగుతుంది."

"పలక సంగతి సరే. అది నా పంచె బాబూ, మాసిపోతాది."

జగన్నాధం గబుక్కున పైకెత్తాడు.

"అంత గొడవ జరుగుతుంటే మనకి తెలీదేం?"

"వందల మైళ్ళ లోతండి. పైనున్న వాళ్ళకి అలికిడే ఉండదు."

"పైనున్నోళ్ళకి ఏటీ తెలీదన్నమాట."

"ఏమీ తెలీదండి."

"పాపం!" అన్నారాయన.

తాయారు నవ్వాపుకోలేక ఓణీ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇది ఎన్నాళ్ళుంటాది?"

"శనివారంతో ఆగిపోతుందండి" అనేసి జగన్నాధం నాలిక కరుచుకున్నాడు.

"జావాలో కూడా శనివారాలు చూసుకుంటారేటి?"

"ఒత్తిడి తీరిపోతుందండీ... లెక్క కట్టాను."

"చదువంటే అదీ! ఒసే తాయారూ, మంచినీళ్ళు తే."

తాయారు తెచ్చింది. గ్లాసులోని నీళ్ళు సగం గచ్చు మీదే ఒలికాయి.

"చెయ్యి వణుకుతాదేటే?"

"భూకంపమంటే భయమేసింది నాన్నగారూ."

"జావాది ఇక్కడికి రాదులే." ఆయన నీళ్ళు తాగి, కాగితం మీది గీతల్ని మరోసారి వేలితో తడిమి, దాన్ని జాగ్రత్తగా చుట్టి కూతురి చేతికిచ్చారు.

"ఆ భూకంపంతో చెప్పు తల్లీ, మూడో జతిలో ఎడమ కాలు వెనకబడతన్నాది."