ఆగస్టు ఒఫీలియా వంతు

చన్నీళ్ళ కొళాయి తిప్పితే వేడినీళ్ళు వచ్చాయి. వాటితోనే దుప్పటి తడుపుకుని ఒంటికి చుట్టుకున్నాను.

నా ఏసీ నిన్న మధ్యాహ్నం చచ్చింది.

బాగుచేసేవాడు పద్నాలుగో తేదీ దాకా రాడట. ఈ అరిజోనా ఎండకి ఊరందరి ఏసీలూ ఒకేసారి మొరాయిస్తే వాడు మాత్రం ఏం చేస్తాడు?

అయినా నాకు బెంగ లేదు. ఇవాళ ఆగస్టు ఒకటి.

మాది చక్రాల మీద తెచ్చి నిలబెట్టిన రేకుల ఇళ్ళ కాలనీ. అందరం ముసలివాళ్ళమే. ఏప్రిల్ రాగానే సగం మంది చల్లటి ఊళ్ళకి ఎగిరిపోతారు. వాళ్ళని మేం పిట్టలంటాం. నేనూ, ఎదురింటి ఒఫీలియా, ఇంకో పదిమందీ ఎక్కడికీ పోలేక మిగులుతాం.

రెండిళ్ళలో రెండు ఏసీలు నడిపే తాహతు మాకు లేదు. అందుకే ఏడేళ్ళుగా మా ఇద్దరికీ ఒక ఒప్పందం. జూలై అంతా పొద్దెక్కిన దగ్గర్నుంచి పడుకునేదాకా మా ఇంట్లో. ఆగస్టు అంతా వాళ్ళింట్లో.

ఇంకో ఒప్పందం కూడా ఉంది. పొద్దున ఆరింటికి వంటింటి కిటికీ తెర ఎత్తాలి. ఎత్తితే బతికున్నట్టు. ఎత్తకపోతే ఎదుటి మనిషి వచ్చి చూడాలి. ఆమె తాళంచెవి నా మెడలో, నాది ఆమె మెడలో.

నిన్న ఏసీ గుర్రుమని ఆగిపోయినప్పుడు ఒఫీలియా నా సోఫాలో కాళ్ళు చాపుకుని ఉంది.

"పోన్లేవే వెర్నా, రేపట్నుంచి ఎలాగూ మా ఇల్లేగా," అంది.

అని పుచ్చకాయ ముక్క నోట్లో వేసుకుంది.

ఇవాళ ఆరింటికి ఎదుటి కిటికీ తెర ఎత్తే ఉంది. నా ప్రాణం కుదుటపడింది.

పదింటికి పేకముక్కలు, జగ్గుడు చల్లటి టీ పట్టుకుని వీధి దాటాను. నాలుగడుగులకే చెప్పుల్లోంచి అరికాళ్ళు చుర్రుమన్నాయి.

"ఏమే, తలుపు తియ్యి! టీ మరిగిపోతోందిక్కడ!"

పలకలేదు.

మళ్ళీ కొట్టాను. తెర ఎత్తాక పడిపోయిందేమో. మెడలో తాళంచెవితో తలుపు తీశాను.

లోపల పొయ్యిలో అడుగుపెట్టినట్టుంది.

"ఒఫీలియా! ఎక్కడున్నావే తల్లీ?"

మంచం మీద లేదు. మంచం కింద కూడా చూశాను, పిచ్చిదాన్ని.

ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంది. ఖాళీ. తలుపు మూసుకుపోకుండా తువ్వాలు కుక్కి ఉంది.

బాత్రూములోకి వెళ్ళాను.

కమోడ్ మీద ప్లాస్టిక్ కాగితం బిగించి, చుట్టూ టేపు అంటించి ఉంది.

నెలల తరబడి పోయే పిట్టలే అలా కప్పుతారు, కమోడ్‌లో నీళ్ళు వేడికి ఇగిరిపోకుండా. ఆ పని మేమిద్దరం నవ్వుకుంటూ ఎందరిళ్ళలోనో చేసిపెట్టాం. ఒఫీలియా టేపు అంటిస్తే ముడత పడేది కాదు.

ఇక్కడా ఒక్క ముడత లేదు.

ఏసీ మీట నొక్కాను. మళ్ళీ నొక్కాను. కరెంటే లేదు.

తలుపు తెరిచి ఉండడం చూసి కాలనీ మేనేజరు డెల్బర్ట్ లోపలికి తొంగి చూశాడు.

"మీరేంటి వెర్నా గారూ ఇక్కడ? ఆవిడ తెల్లారకముందే బయల్దేరారుగా. కొండ మీద మేనల్లుడి ఇంటికి. అక్టోబరు దాకా రారు."

"నీకెప్పుడు చెప్పింది?"

"జూలై మొదట్లోనే. ఇవాళ్టి నుంచి కరెంటు తీయించేస్తున్నానని కూడా అన్నారు. మీకు తెలుసనుకున్నానే!"

"తెలుసు. మర్చిపోయాను."

జూలై మొదట్లో!

అంటే నెలంతా నా చల్లగాలి కింద కూర్చుని, నా పేకముక్కలు కలుపుతూ, ఈ పిట్ట రెక్కలు సర్దుకుంటూనే ఉందన్నమాట. నిన్న కూడా. నా ఏసీ చచ్చాక కూడా. పోతూ పోతూ తెర కూడా ఎత్తిపెట్టి పోయింది, దొంగమొహంది!



"మీ ఏసీ బాగానే ఉందిగా?" అన్నాడు డెల్బర్ట్.

"బ్రహ్మాండంగా ఉంది."

ఎందుకన్నానో అలా. ఒఫీలియా నన్ను వదిలేసి పోయిందని ఆ మనిషి ముందు ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు.

ఆ రాత్రి దుప్పటి నాలుగుసార్లు తడిపాను. నాలుగుసార్లూ ఆరిపోయింది.

మర్నాడు పొద్దున ఆరున్నరకి ఫోను మోగింది.

"కోపమొచ్చిందా?" ఒఫీలియా.

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"ముందే చెప్తే నీ మొహం చూసి ఆగిపోయేదాన్నే. మావాడింట్లో ఉన్నది ఒక్క మంచం. ఇంకో ఎండాకాలం నావల్ల కాదే వెర్నా. నిజంగా కాదు."

"ఊఁ."

"ఇక్కడ పొద్దున్నే చలేస్తోంది తెలుసా? స్వెట్టరేసుకున్నా."

"మంచిది."

"ఏసీవాణ్ణి తొందరపెట్టు. వింటున్నావా?"

"వింటున్నా."

ఒఫీలియా గొంతు తగ్గించి అడిగింది.

"తెర ఎత్తావా?"

"ఎత్తాను."

"హమ్మయ్య," అంది.

ఫోను పెట్టేసి దుప్పటి తల మీదికి లాక్కున్నాను.

కిటికీ తెర దించే ఉంది. తాడు నా చేతికి అందేంత దూరంలోనే ఉంది.