బోల్టు కట్టిన గంట

పాతికేళ్ల కిందట సున్నం చల్లి మేం పూడ్చిన గోతిని ఈమధ్య ఎవరు తవ్వారు? మూడు ఉత్తరాలు రాశాను, అధికారులెవరూ బదులివ్వలేదు.

అందులో దొమ్మరోగంతో, అంటే ఆంత్రాక్స్‌తో, చచ్చిన గొర్రెలకాపరి యాకమ్మ గొర్రెలున్నాయి. పశువైద్యురాలిగా నేనే దగ్గరుండి పూడ్పించాను. పొట్టేలు మెడలోని గంట విప్పమంటే ఆమె ఒప్పుకోలేదు.

"ఉండనియ్యి డాక్టరమ్మా! చీకట్ల దానికి తొవ్వెట్ల దొరుకుతది?"

ఆ ఏడుపులోనూ ఇద్దరం నవ్వుకున్నాం.

నాలుక ఊడిన ఆ గంటకు ఆమె అంతకు ముందెప్పుడో ఇనుప బోల్టు కట్టింది. అంత మొద్దు చప్పుడు మరెక్కడా వినలేదు.

నిన్న రాత్రి మా హన్మకొండ ఇంటి గేటు దాకా ఆ చప్పుడు వచ్చి ఆగింది. తలుపు తీశాను. మంద లేదు, మనిషి లేడు.

ఆ రోగబీజం మట్టిలో దశాబ్దాలు బతుకుతుంది, మనిషినీ చంపుతుంది. ఇది చదివే మీలో ఎవరి దగ్గరైనా ఆ గంట ఉంటే పిల్లలను తాకనివ్వకండి. గోతిని తవ్వింది మనిషేనని నాకు చెప్పండి.