బుధవారపు తప్పులు

“మళ్లీ చంపేశారండీ!” జుల్మా ఎర్ర పెన్సిల్‌తో బల్ల మీద కొట్టింది. “మూడో అధ్యాయంలో పోయిన మామయ్య పదకొండులో చేపలు కొనుక్కొస్తాడు. పన్నెండులో మళ్లీ పోతాడు. ఎన్నిసార్లు పోతాడండీ ఆయన?”

“ఆయన మొదట్నుంచీ అంతేనండి. ఏ పనీ ఒక్కసారికి పూర్తి చేయడు,” అన్నాడు దార్దో.

జుల్మా నవ్వు ఆపుకోవడానికి తల వంచి, టీలాంటి మాతే ఆకు నింపిన సొరబుర్రలో వేడినీళ్లు పోసింది. పీల్చే గొట్టం అతని వైపు తిప్పి అందించింది. తాగి తిరిగి ఇచ్చేటప్పుడు థాంక్స్ అంటే ఇక చాలని అర్థం. దార్దో రెండేళ్లలో ఒక్కసారీ ఆ మాట అనలేదు.

మోంతెవిదేయో రేవుకు దగ్గరలో, మూడో అంతస్తులో ఉంటుంది జుల్మా. కొత్తగా నవల రాసేవాళ్లకు మెళకువలు చెబుతుంది, వాళ్ల రాతలు దిద్దుతుంది. దార్దో ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ప్రతి బుధవారం నాలుగింటికి ఒక చేత్తో అధ్యాయం, ఇంకో చేత్తో బిస్కోచోలనే తీపి బన్నుల పొట్లం పట్టుకుని ఆమె తలుపు కొడతాడు. పొట్లంలో వేడి ఇంకా ఉండాలని చివరి వీధంతా పరిగెత్తుతాడు.

నిజానికి ఆ నవల పూర్తయి ఏడాది దాటింది. అక్షరం అటూ ఇటూ కాకుండా అతని బట్టల బీరువాలో భద్రంగా ఉంది. కానీ నవల అయిపోతే బుధవారాలూ అయిపోతాయి. అందుకని ప్రతి మంగళవారం కూర్చుని, పసిపిల్ల బుగ్గకు దిష్టిచుక్క పెట్టినట్టు, అధ్యాయానికి నాలుగైదు తప్పులు పెడతాడు. కవలల్లో ఒకడు రెండేళ్లు పెద్దవాడవుతాడు. అక్కడ చలికాలమైన జూలైలో పుచ్చకాయలు అమ్ముతారు. కథానాయిక కుడిచేత్తో చెంప పగలగొడుతుంది, నొప్పి ఎడమచేతికి పుడుతుంది.

జుల్మా అన్నీ పట్టేస్తుంది. అతను ఐదు పెడితే ఏడు పట్టుకున్న రోజులూ ఉన్నాయి. నాకు తెలియకుండా పడ్డవి కూడా దొరికాయే, ఏం చూపు ఈవిడది అని మురిసిపోయేవాడు.

ఆ రోజు జుల్మా నీళ్లు కాచడానికి వంటింట్లోకి వెళ్లగానే, మూల కుర్చీలో స్వెట్టర్ అల్లుతున్న ఆమె తల్లి ఎల్బమ్మ ముందుకు వంగింది.

“ఏం నాయనా, నీ నవల నేను పోయేలోగా అవుతుందా?”

“మీరు గుండ్రాయిలా ఉన్నారు కదమ్మా. తొందరేముంది?”

“వెటకారాలొద్దు. అందరివీ ఎనిమిది నెలల్లో అయిపోతాయి. నీది రెండేళ్లయినా అవలేదని ఊరంతా తెలిసిపోయింది. ఆవిడకు దిద్దడం రాదు కాబోలనుకుని ఇద్దరు మానేశారు. నా పిల్ల నీకు చెప్పదు. నేను చెబుతున్నా.”

దార్దో కొరికిన బిస్కోచోను మళ్లీ పొట్లంలో పెట్టేశాడు.

వారమంతా ఆ మాట చెవిలో జోరీగలా తిరిగింది. తన బుధవారాల కోసం ఆమె పేరు పాడుచేస్తున్నాడన్నమాట. ఆ ధ్యాసలో ఒక ఇంట్లో చెడిపోయిన ఫ్రిజ్ వదిలేసి బట్టలుతికే మెషీన్ విప్పాడు. మంగళవారం కూర్చుని చివరి అధ్యాయం సిద్ధం చేశాడు.

మర్నాడు నాలుగింటికి ఇరవై పేజీలు ఆమె చేతిలో పెట్టాడు.

“ఇదే ఆఖరిదండి. చూసి చెప్పండి, అయిపోయిందో లేదో.”

జుల్మా చదవసాగింది. ఒక పేజీ తిరిగింది. రెండోది తిరిగింది. పెన్సిల్ కదలలేదు. ఐదో పేజీకి ఆమె ముఖం చిన్నబోయింది.

“నీళ్లు చల్లారినట్టున్నాయి,” అని పేజీలతో సహా వంటింట్లోకి వెళ్లిపోయింది.

“కెటిల్‌కి కూడా చదివి వినిపిస్తుంది కాబోలు,” అంది ఎల్బమ్మ.

పావుగంటకు జుల్మా తిరిగొచ్చింది. పేజీల నిండా ఎర్ర సున్నాలు. ఆమె చెవులూ ఎర్రగానే ఉన్నాయి.

“ఏంటండీ ఇది! ఇరవై మూడు తప్పులు!”

“ఇరవై మూడా?”

“ఒకచోట ఓడ పొద్దున బయల్దేరిందంటారు. ఇంకోచోట సాయంత్రం అంటారు.”

“ఏదీ, చూపించండి.”

జుల్మా రెండు చేతులూ పేజీ మీద పరిచేసింది. “ఇంటికెళ్లి చూసుకోండి. ఇలాగైతే బుధవారం ఒక్కటీ చాలదు. శుక్రవారం కూడా రండి. ఆదివారం... ఆదివారం ఖాళీయేనా?”

దార్దో ఆమె వైపు చూశాడు. ఆమె చేతుల వైపు చూశాడు. అతని ముఖమంతా నవ్వు పాకింది.

“ఖాళీయేనండి. మరి ఊళ్లో మీ పేరు...”

“పేరుదేముందండీ, తప్పులు ముఖ్యం!”

“అయితే ఆదివారం రేవు వెంట నడుస్తూ దిద్దుకుందామా? గాలికి ఇంకొన్ని బయటపడతాయేమో.”

“పడతాయి,” అంది చటుక్కున.

ఎల్బమ్మ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. “ఈ లెక్కన ఇంకో ఇరవయ్యేళ్లు!”

“అంతకన్నా ఎక్కువే పట్టాలమ్మా.”

“తిట్లు తిని ఇలా ఇకిలించేవాణ్ని నా జన్మలో చూళ్లేదు.”

దార్దో లిఫ్టు కోసం ఆగలేదు. మూడంతస్తులూ రెండేసి మెట్లు దూకుతూ దిగాడు. ఎర్ర సున్నాల పేజీలు గుండెకు హత్తుకుని, ఈల వేస్తూ, ఎదురైన పోస్టుమాన్‌కీ అతని వెంటపడ్డ కుక్కకీ కూడా పలకరింపులు చెబుతూ వీధి దాటాడు.

ముందురోజు, మంగళవారం, అతను ఆ ఇరవై పేజీల్లో ఒక్క తప్పు కూడా పెట్టలేదు.